ఆఖరి నంబరు పొట్టేలు

వికారాబాద్‌లో మా అరుగు మీద కూర్చుని మనవరాలు స్వప్న ఫోన్‌లో వింత జంతువుల పోటీ ఆడుతోంది. తెర మీద కప్ప మొహంతో, బానపొట్టతో ఒక జంతువు. "మస్తు ముద్దుగుంది గాని తాతా, ర్యాంకుల్ల అన్నిట్కన్న కింద పెట్టిన్రు. ఆదివారం బావతోని పోటీ ఉంది, దీన్ని తీసేస్త" అంది. పెట్టిందెవరని అడిగితే తెలియదట! ముక్కూ మొహం తెలియనివాళ్లు గీసిన పట్టీ చూసి పెంచుకున్నదాన్ని వదిలేయడమా? ఒళ్లు మండింది. పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, అచ్చయిందల్లా నిజం కాదని నాకప్పుడే తెలుసు.

కోట్‌పల్లి దగ్గర మా గొర్ల మందకూ ర్యాంకులుండేవి. వానలు వెనకపట్టి, కందిచేలు నడుము దాకా లేచి, తడిసిన గొంగళ్ల వాసన దొడ్డంతా కమ్ముకునే రోజుల్లో, చేతిలో పచ్చికారం రాసిన జొన్నరొట్టె, చంకలో చిర్రగోనె ఆడే కట్టెలతో పిల్లలమంతా పరుగెత్తేవాళ్లం. పెద్దనాయన పొట్టేళ్లను వరసగా నిలబెట్టి, నుదుళ్లు అరచేత్తో చరిచి, కొమ్ముల మొదళ్లు వేళ్లతో కొలిచి, బండ మీద బొగ్గుతో నంబర్లు వేసేవాడు. ఒకటోది మందను ఏలేది. ఆఖరిది దసరాకు కోతకు పోయేది.

ఆ ఏడు ఆఖరి నంబరు నా బొల్లిగాడికి పడింది. తల్లి చస్తే గుడ్డపీలికతో మేకపాలు పట్టి నేను బతికించుకున్నవాడు. తోటి పొట్టేలు ఢీకొట్టేందుకు తల వంచితే పక్కకు జరిగి గడ్డి కొరుక్కునేవాడు.

"గిది పొట్టేలారా? పిల్లి!" అన్నాడు పెద్దనాయన.

"నువ్వు దాని తల సూసినవ్, పని సూడలే" అన్నాను. ఎనిమిదేళ్ల నోటికి పెద్ద మాటే. అమ్మ చెవి మెలిపెట్టింది.

మూడోనాడు వాన దంచికొట్టి, మంద వాగు అవతల చిక్కింది. నీళ్లు మోకాలి లోతే గాని ఎర్రగా సుళ్లు తిరుగుతుంటే ఒక్క గొర్రె దిగదు. పెద్దనాయన ఒకటో నంబరును కొమ్ములు పట్టి లాగాడు, కట్టెతో అదిలించాడు. అది నాలుగు కాళ్లూ బిగబట్టింది. నేను ఇవతలి గడ్డ నుంచి "బొల్లీ, దా దా" అని పిలిచాను. వాడు మూతి పైకెత్తి, పెళ్లిపందిట్లోకి వస్తున్నంత దర్జాగా నీళ్లలో దిగాడు. వాడి వెనక ఒకటి, దాని వెనక ఇంకొకటి, మందంతా అరుచుకుంటూ దాటేసింది. ఒకటో నంబరు అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది. మేము కడుపులు పట్టుకుని నవ్వాం. పెద్దనాయన దొడ్డికి రాగానే తలగుడ్డ తీసి బండ మీది గీతలన్నీ తుడిచేశాడు. "వీనికి నంబరేందిరా, వీడు ముందుగాల నడిచెటోడు" అన్నాడు. ఆ దసరాకు మా ఇంట్లో గారెలే, కోత లేదు. బొల్లిగాడు పళ్లూడేదాకా బతికాడు.

ఇప్పుడు వాగు మీద వంతెన ఉంది, దొడ్డి లేదు. గొర్లు లారీల్లో తాండూరు దిక్కు పోతున్నాయి. నుదురు చరిచి చూసే చేయీ, తప్పయితే తుడిచేసే తలగుడ్డా ఎక్కడా కనబడవు.

"మరి నీ కప్పమొహంది ఏం చేస్తదే?" అని అడిగాను.

"దిగంగనే వాన కురిపిస్తది తాతా. గంతే. ఎనక దిగే నీళ్ల జంతువులకు బలం వస్తది."

"గంతేనా! ఫస్టు దాన్నే దింపు."

ఆదివారం తాండూరు నుంచి దాని బావ ఫోన్‌లో ఒకటే ఎగతాళి. "ఏందే, గా చెత్తను తెచ్చినవ్?"

"జర ఆగు బావా, తడుస్తవ్" అంది స్వప్న.