తడిపి చూసే దర్జీ

మా వీధి దర్జీ ఏ గుడ్డనూ నమ్మడు. నీళ్లలో ముంచి, ఆరేసి, ఎంత కుంచించుకుపోయిందో టేపుతో కొలిచాక గాని కత్తెర పట్టడు. ఏజెంటుగా చేరిన బావమరిది పెద్ద జబ్బుల బీమా తెచ్చినప్పుడూ అంతే. కాగితాలను తిరగేసి, లోపలి కుట్టు వెతికినట్టు వెతికాడు. “క్యాన్సరో, గుండెపోటో, పక్షవాతమో అని డాక్టరు తేలిస్తే చాలు, మొత్తం ఒకేసారి చేతికొస్తుంది బావా!” “మరి ఇదేంటి? తేలాక ముప్పై రోజులు బతికుండాలట. ఇరవై తొమ్మిదో రోజున పోతే నా తప్పన్నమాట!” “నువ్వు దేవుడికి దణ్ణం పెట్టినా రసీదు అడిగే రకం,” అని నవ్వుతూ బావమరిది ఫారం నింపసాగాడు. “చేతుల్లో తిమ్మిర్లు... లేవనే రాస్తున్నా.”

దర్జీ చప్పున అతని పెన్ను పట్టుకున్నాడు. లోపలి గదిలో కాజాలు కుడుతున్న భార్యకు వినపడకుండా గొంతు తగ్గించాడు. “ఉన్నాయని రాయి. కుడిచేతి వేళ్లకి, నాలుగు నెలలుగా. వాళ్లు మోసం చేస్తారేమోనని ఇంతసేపు వెతికి, నేనే మోసం చెయ్యనా? మీ అక్కకి మాత్రం చెప్పకు.” “అలా రాస్తే బీమా ఇవ్వకపోవచ్చు బావా.” “పోనీలే,” అన్నాడు గాని, చూపు కుట్టుమిషను మీదే ఉంది. ఆ చెయ్యి ఆగితే ఇల్లు ఆగినట్టే.

భార్య గుమ్మంలోకి వచ్చింది. “ముందు డాక్టరు దగ్గరికి పదండి. నాలుగు నెలలుగా మీ సూదుల్లోకి దారం తనంతట తానే ఎక్కుతోందనుకున్నారా?”

లోకాన్నంతా అనుమానించే ఆ మనిషికి, దారం ఎక్కించి ఉన్న ఆ సూదుల మీద మాత్రం ఏనాడూ అనుమానం రాలేదు.