ఒర్లుడు పరీక్ష

మా ఆఫీసు పంజాగుట్టలో ఉంది. సర్వర్లు పెట్టిన గదికి కిటికీల్లేవు, ఏసీ ఎప్పుడూ ఆగదు. ఈ ఏడు నాకొక పని అప్పజెప్పారు. కరెంటు వాడకం తగ్గించాలి, ఎవరికీ పనికిరాకుండా నడుస్తున్న సర్వర్లను వెతికి ఆపెయ్యాలి. వినడానికి తేలికే. కానీ పాతవాటిలో చాలావరకు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలిసినవాళ్లు ఉద్యోగాలు మారి వెళ్లిపోయారు. ఆపితే ఏమవుతుందోనని ఎవరూ ముట్టుకోరు. అవి వేడెక్కుతూ ఉంటాయి, ఆ వేడిని తగ్గించడానికి ఏసీ ఇంకొంత కరెంటు తింటుంది.

ఇలాంటివాటికి మా పనిలో ఒక పద్ధతి ఉంది. నెట్‌వర్క్ వైరు పీకేసి ఊరుకుంటాం. ఎవరైనా అరిస్తే మళ్లీ పెడతాం. ఎవరూ అరవకపోతే కొన్నాళ్లకు మెషీన్ తీసేస్తాం. నాతోపాటు పనిచేసే ఎలక్ట్రీషియన్ బోరబండ మనిషి, నాకంటే పెద్దవాడు. ఆయన దీనికి ఒర్లుడు పరీక్ష అని పేరు పెట్టాడు; ఆయన మాటలో ఒర్లడమంటే అరవడం.

"ఎవడన్న ఒర్లితె పెడదాం సార్. ఒర్లకపోతె అది సచ్చినట్టే," అన్నాడు మొదటిరోజు వైరు పీకుతూ. వెంటనే నా మొహం చూశాడు. "నా నోరు మంచిది గాదు సార్. ఏమనుకోకుండ్రి."

నా భార్య పోయిన వానాకాలంలో చనిపోయింది. ఆయనకు తెలుసు.

అమీర్‌పేటలోని మా ఫ్లాటులో, భోజనాల బల్ల పక్కన, ఆమె కంప్యూటర్ అప్పటికింకా నడుస్తూనే ఉంది. ఆమె ఇక్కడే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో డేటాబేస్ పాఠాలు చెప్పేది. క్లాసు అయిపోయాక పిల్లలకు ప్రాక్టీసు చేసుకునే వీలుండదని, హాస్టల్ గదుల్లోంచి ఫోన్లోనైనా పని చేసుకునేలా ఇంట్లో ఆ మెషీన్ పెట్టింది. సెకండ్‌హ్యాండ్ భాగాలు కొని తనే బిగించుకున్న పెద్ద డబ్బా అది. దాని ఫ్యాను రొద చేసేది. "ఆపకు, పిల్లలు వాడుతుంటరు," అని నాతో చాలాసార్లు అంది.

ఇప్పుడు ఎవరైనా వాడుతున్నారో లేదో నాకు తెలియదు. లోపలికి వెళ్లి చూద్దామంటే పాస్‌వర్డ్ ఆమెకొక్కదానికే తెలుసనుకున్నాను. వెనక లైటు మిణుకుతూ ఉంటుంది కానీ, ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టిన ఏ మెషీన్‌కైనా, ఎవరూ వాడకపోయినా, ఆ లైటు మిణుకుతుంది. పగలంతా ఆఫీసులో పనిలేని సర్వర్లను ఆపించి, ఇంటికొచ్చి ఆ రొద దగ్గర కూర్చుని అన్నం తినడం కష్టంగా ఉండేది. కుర్చీ మార్చుకుని కూర్చునేవాణ్ని. పుస్తకం తెరిచి చదివిన పేజీనే మళ్లీ చదివేవాణ్ని. మెట్రో ఎక్కకుండా పంజాగుట్ట దాకా నడిచి వెళ్లడం, నడిచి రావడం మొదలుపెట్టాను.

ఆఫీసులో చేసేదే ఇంట్లోనూ చెయ్యాలని నాకు తెలుసు. ఎవరూ అరవరేమోనన్న భయంతోనే చెయ్యలేదు. ఆమెతో ఎవరికైనా ఇంకా పని ఉన్నది ఆ డబ్బా వల్లే. అరుపు రాకపోతే అదీ లేనట్టే.

ఒక ఆదివారం పొద్దున వైరు పీకి, స్విచ్ ఆపేశాను. ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు మొదటిసారి వినిపించింది. ఆమె ఫోనుకు ఛార్జింగ్ పెట్టి బల్ల మీద ఉంచాను. పిల్లల దగ్గర ఉన్నది ఆ నంబరే. ఆ రోజు అది మోగలేదు. మర్నాడు దాన్ని జేబులో వేసుకుని ఆఫీసుకు వెళ్లాను, మాటిమాటికీ తీసి చూస్తూ.

ఆ వారంలోనే మధ్యాహ్నం పూట ఎలక్ట్రీషియన్ ఫోన్ చేశాడు. వెనక గోలగోలగా ఉంది.

"సార్, ఒర్లుతుండ్రు! మస్తు ఒర్లుతుండ్రు!"

"ఎవరు? అకౌంట్సా?"

"క్యాంటీన్ సార్! పొద్దుగాల పీకినం జూడు, గదే టోకెన్లు గుద్దేదంట. లైన్ల నిలబడి నన్ను తిడుతుండ్రు. బిర్యానీ దినం సార్ ఇయ్యాల, జల్ది రా!"

వెళ్లి వైరు పెట్టాను. క్యూలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే జేబులోంచి ఆమె ఫోను తీసి చూశాను. కాల్ ఏదీ రాలేదు.

శనివారం సాయంత్రం అమీర్‌పేట మెట్రో కింద ఒకమ్మాయి నన్ను ఆపింది. నా భార్య పోయినరోజు ఇంటికి వచ్చినవాళ్లలో చూసిన మొహం.

"నమస్తే సార్. మేడమ్ స్టూడెంట్‌ని. ఎస్.ఆర్. నగర్ హాస్టల్ల ఉంట. మంచిగున్నరా?"

ఉన్నానన్నాను. ఆగలేక అడిగేశాను. "మేడమ్ కంప్యూటర్ ఇంకా వాడుతున్నారా మీరు?"

"వాడుతుంటిమి సార్. మొన్నటి ఆదివారం సంది వస్తలేదు."

"మరి ఫోన్ చెయ్యలేదేం?"

"ఎట్ల జేస్తం సార్?" అంది. "మేడమే లేదు. మా ప్రాక్టీస్ ఆగిందని మీకు ఫోన్ జేస్తమా? గ్రూపుల అందరం అనుకున్నం, ఎవ్వరు చెయ్యొద్దని. సార్‌కే ఆపబుద్ధి అయ్యిందేమో అనుకున్నం. ఒకామెకు ఇంటర్వ్యూ ఉండె. ఫ్రెండ్ ల్యాప్‌టాప్ అడుక్కొని చేసుకున్నది."

రోడ్డు మీద హారన్లు మోగుతున్నాయి. ఒర్లుడు పరీక్ష గురించి చెప్పాను. మీరు అరుస్తారని వారమంతా చూశానన్నాను. ఆ అమ్మాయి నవ్వబోయి ఆగింది.

"అంటే మేము ఒర్లాల్నా సార్?"

"ఒర్లాలి."

మర్నాడు ఇద్దరు స్నేహితురాళ్లతో ఇంటికి వచ్చింది. డబ్బా మళ్లీ ఆన్ చేశాను. పాస్‌వర్డ్ తనకు మేడమ్ చెప్పిందంది. తను టైపు చేస్తుంటే నేను కిటికీలోంచి బయటికి చూశాను. వాళ్లు వాడేది పొద్దున క్లాసుకు ముందు, సాయంత్రం క్లాసు తర్వాత. మిగతా వేళల్లో ఆ డబ్బా ఊరికే నడుస్తోంది. ఆఫీసులో స్క్రీను పగిలి తుక్కుకు పోవాల్సిన ల్యాప్‌టాప్ ఒకటి ఉంటే, అడిగి తెచ్చుకున్నాను. డబ్బాలోంచి ఆమె డిస్కును తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టాం. దానికి పెద్ద డబ్బాకయ్యేంత కరెంటు అక్కర్లేదు. బ్యాటరీ తీసేసి, కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టాను; వాళ్లు చెప్పిన వేళలకే నడిచేలా ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గుకు టైమర్ బిగించాడు. చాయ్ తాగుతూ ఖాళీ అయిన డబ్బాను చూశాడు.

ఆఫీసులో ఇప్పుడు వైరు పీకేముందు అంతస్తు అంతస్తుకూ వెళ్లి అడుగుతున్నాం. పని నెమ్మదించింది. పైవాళ్లు ఎందుకని అడుగుతున్నారు. అరవనివాళ్లు కూడా ఉంటారని చెబితే, రిపోర్టులో అలా రాయలేం అన్నారు.

నిన్న సాయంత్రం మా వీధిలో కరెంటు పోయి వచ్చినట్టుంది, టైమర్ వెనకబడింది. నేనింకా పంజాగుట్టలోనే ఉన్నాను. జేబులో ఆమె ఫోను మోగింది.

"సార్, టైము దాటింది, ఇంకా ఆన్ కాలే! రేపు టెస్ట్ ఉంది మాకు! ఎక్కడున్నరు?" వెనక ఇంకెవరో, "గట్టిగ చెప్పవే," అంటున్నారు.

"ఎవరు సార్?" అన్నాడు ఎలక్ట్రీషియన్, నిచ్చెన మీదనుంచి.

"ఒర్లుతున్నరు," అన్నాను.

"మరి ఉరుకుండ్రి."

నడవకుండా మెట్రో ఎక్కాను.