కాసులమ్మ గుమ్మాలు

కాసులమ్మ ఒంటికి జబ్బంటే తెలీదు. కొత్త పెళ్ళికూతురిగా విశాఖపట్నం రేవులో ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్‌లో దిగిన నాటినుంచి ఆవిడ మంచాన పడ్డది లేదు. ఉన్న రోగమల్లా ఒక్కటే, ఎదుటివాళ్ళు బాగుపడితే చూడలేకపోవడం. జంగ్లీఘాట్‌లో ఎవరింట్లో కొత్త గిన్నె మోగినా ఆవిడ చెవిన పడేది. పడిందంటే ఆ పూట అన్నం సహించేది కాదు. మొగుడు నూకన్న వల బాగుచేసుకుంటూ, "దీనికి సొంత కట్టాలు సాల్లేదు, ఊరోల్ల సుకాలు కూడా ఇదే మోస్తాది" అనేవాడు.

ఆ కడుపుమంటతోనే హాయిగా బతికేస్తున్న మనిషిని నిజంగా ఏడిపించింది మాత్రం చెత్తబండి.

బండి రాకముందు ఆ సందులోని వంటిళ్ళన్నీ కాసులమ్మవే. ఆవిడకో ఆవుండేది. పొద్దున్నే బిందె చంకనేసుకుని గట్టుమీది ఇళ్ళకి కుడితికి బయల్దేరేది. గంజి, కూరగాయ తొక్కలు, మిగిలిపోయిన అన్నం, ఏదుంటే అది బిందెలో పడేది. బెంగాలీ ఇల్లయినా, తమిళుల ఇల్లయినా, అందరికీ ఆవిడ "కుడితి దీదీ"యే. ఎవరి కోడలు నీళ్ళోసుకుందో, ఎవరికి డిగ్లీపూర్ బదిలీ అయిందో, ఎవరి కొడుకు మాయాబందర్ జెట్టీలో పనికి కుదిరాడో, ఆ ఇంటి పెద్దలకంటే ముందు ఈవిడకి తెలిసేది. సారా టీచరు ఇంటి మెట్టుమీద అయితే ఏకంగా కూర్చునే చోటుండేది. అంచు చొట్టపోయిన స్టీలు గ్లాసొకటి టీచరు ఆవిడకోసమే విడిగా పెట్టి, రోజూ అందులో టీ పోసేది. విడిగా పెట్టడంలో చిన్నతనం చూడొచ్చు, గొప్పతనమూ చూడొచ్చు. కాసులమ్మ గొప్పతనమే చూసింది.

ఆవు చచ్చిపోయింది. బిందె తిరగడం మాత్రం ఆగలేదు. తెచ్చిన కుడితి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పారబోసేది. "ఆవే నేదు, ఇంకా నీకెందుకే ఈ తిరుగుడు?" అని నూకన్న అడిగితే, "పోనీ నువ్వు తాగుతావేటి?" అని నోరు మూయించేది. ఆవిడకి కావలసింది కుడితి కాదని నూకన్నకీ తెలుసు.

అప్పుడొచ్చింది మునిసిపాలిటీ బండి. ఇంటింటికీ రెండు బకెట్లు పంచారు, తడిచెత్తకి పచ్చది, పొడిచెత్తకి నీలంది. సందు చివర సిమెంటు గుంట కట్టారు. తడిచెత్త అందులో మగ్గబెట్టి ఎరువు చేసి, ఆ ఎరువు మళ్ళీ ఆ ఇళ్ళకే ఇస్తారట. బండి తోసే పనీ గుంట చూసే పనీ వడ్రంగి యిర్మియా కోడలు లీదియాకి ఇచ్చారు. నెమ్మదైన పిల్ల, ఆదివారం చర్చిలో తెలుగు పాటలు ముందుండి పాడుతుంది. మెళ్ళో విజిలు, చేతులకి గ్లవ్సులు. ఆ విజిలు ఊదితే చాలు, తలుపులు వాటంతటవే తెరుచుకునేవి. ఇన్నేళ్ళూ గొంతు చించుకుని పిలిచిన కాసులమ్మకి ఆ విజిలు చెవిలో సీసం పోసినట్టుండేది.

"ఇకనుంచి తొక్కలన్నీ బండికే ఇవ్వాలట కాసులమ్మా, రూలు" అంది సారా టీచరు, ఖాళీ చేతులు చూపిస్తూ.

రూలయితే రూలే, ఏం చేస్తాం అనుకుంది కాసులమ్మ. కానీ మర్నాడు ఊరికే అటు వెళ్ళి చూస్తే, ఆ మెట్టుమీద లీదియా కూర్చుని ఉంది. చేతిలో చొట్టగ్లాసు. అందులోంచి పొగలు. కాసులమ్మ కళ్ళలో నిప్పులు పోసుకుని ఇంటికొచ్చింది. ఆ రోజు చేపలు తోముతుంటే పొలుసులు ఇంటి దూలం దాకా ఎగిరాయి.

మునిసిపాలిటీ సూపర్‌వైజరు రాజబాబు దగ్గరికి వెళ్ళి నిలదీసింది. "ఎరువు నాను సెయ్యలేనేటి సారూ? నలబయ్యేల్లుగా ఆ తొక్కలు మోసింది నానా, అదా?"

రాజబాబు వదిలించుకోవడానికి, "చేసుకో అమ్మా, ఎవరు వద్దన్నారు? నీ పెరడు నీ ఇష్టం" అన్నాడు.

ఆవిడ దాన్ని పందెం కింద తీసుకుంది. పెరట్లో గుంట తవ్వింది. అబర్డీన్ బజార్లో కూరగాయల దుకాణాల వెనక పారేసిన ఆకులు గోనెల్లో తెచ్చింది. చేపల పేగులు, కొబ్బరి పీచు, పొయ్యి బూడిద అన్నీ కలిపింది. మధ్యమధ్య వెళ్ళి లీదియా గుంట వైపు దొంగచూపులు చూసొచ్చేది. అవి ఎండరోజులు. కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది, అదీ కాసేపే. లీదియా తనింటి మంచినీళ్ళలోంచి బిందె నింపి, గుంటమీద చిలకరిస్తోంది.

కాసులమ్మకి నవ్వాగలేదు. "సూడు మావా, ఎర్రిపిల్ల. తాగే నీల్లు తీసుకెల్లి కచ్రా మీద పోస్తన్నాది!"

కాసులమ్మ ఇంటి వెనకే సముద్రం. వాళ్ళవాళ్ళు చేప కడిగినా పడవ కడిగినా, గిన్నెలు తోమినా, అన్నీ ఆ నీళ్ళతోనే. వేటకెళ్తే నూకన్న అన్నంలోకి కూడా సముద్రం నీళ్ళే ఒక చెంబు కలిపి ఉప్పు ఆదా చేసేవాడు. ఎండరోజుల్లో మంచినీళ్ళు నేలపాలు చేసే ఆడదాన్ని వాళ్ళలో ఆడదాని కింద లెక్కేయరు. అందుకని ఆవిడ తన గుంటకి కడవలకొద్దీ సముద్రం మోసి పోసింది. పీచూ పేగులూ మగ్గి నల్లగా, మెత్తగా, చేత్తో పడితే పొడిపొడిగా రాలే ఎరువు తయారైంది. పరీక్షకని పెరట్లో కొబ్బరిచెట్టుకి వేసింది. చెట్టు నవనవలాడింది. ఎందుకు నవనవలాడదు? కొబ్బరిచెట్టు ఉప్పు తిని బతుకుతుంది. ఆవిడ పుట్టిన ఊళ్ళో కొబ్బరి మొదట్లో ఉప్పు పోయడం పసిపిల్లలకి కూడా తెలుసు.

లీదియా ఎరువు ఇంకా పచ్చిగానే ఉంది. ఇదే అదను. కాసులమ్మ తెల్లవారకముందే తట్టలు నింపి, ఇంటింటి గుమ్మంలో ఒక కుప్ప పోసొచ్చింది. ఎవరికీ చెప్పలేదు, దానికో లెక్క ఉంది. అందరూ అది లీదియా ఎరువే అనుకోవాలి. మొక్కలు విరగబూయాలి. అందరూ లీదియాని ఆకాశానికెత్తాలి. సరిగ్గా అప్పుడు వెళ్ళి, "అది దానిది కాదు, నాది" అనాలి. ఎత్తినంత ఎత్తునుంచీ లీదియా కింద పడాలి. ఈ ఊహకే ఆవిడకి మూడుపూటలా ఆకలేసింది.

మెచ్చుకోళ్ళు అనుకున్నట్టే వచ్చాయి. "అడక్కుండానే ఇచ్చి వెళ్ళింది, ఎంత మంచి పిల్లో" అన్నారు. లీదియా తను కాదని చెప్పినా, అణకువ అనుకున్నారు. కాసులమ్మ పళ్ళు బిగించి ఓర్చుకుంది. పూలు పూయనీ అనుకుంది.

పూలు పూయలేదు. టీచరు మల్లెతీగ అంచులనుంచి మాడుతూ వచ్చి ఎండిపోయింది. ఎదురింటి మిరపమొక్కలు పడుకున్నాయి. బెంగాలీ వాళ్ళ కరివేపాకు ఆకంతా దులిపేసుకుంది. సందంతా బండి చుట్టూ మూగింది. ఎవరు కబురు పెట్టారో, రాజబాబు వచ్చాడు.

"సార్, నా గుంట నేను ఇంకా తెరవనే లేదు" అంది లీదియా.

"గుంట తెరవకపోతే ఇంతమంది గుమ్మాల్లోకి ఎరువు నడిచొచ్చిందా?" అన్నాడు రాజబాబు. "ఇంక ఈ గుంట మూసేస్తాం. నువ్వు కాలవల పనికి వెళ్ళు. ఇక్కడికి బండి రాదు."

కాసులమ్మ గుంపు వెనక నిలబడి ఇదంతా విన్నది. బండి పోతుంది. విజిలు పోతుంది. మెట్టు, గ్లాసు, గుమ్మాలు అన్నీ తిరిగొస్తాయి. చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని నిలబడడం. నూకన్నకి పెళ్ళాం సంగతి తెలుసు కాబట్టి, ముందుజాగ్రత్తగా ఆవిడ మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

రాజబాబు టీచరు కుండీ పక్కనున్న కుప్పలోంచి గుప్పెడు ఎరువు తీసి నలిపాడు. "చూస్తే మాత్రం ఎంత బాగుంది! ఇంత మెత్తగా మా ఆఫీసు తోటలో కూడా రాలేదు. లీదియా, నీకు పనితనం ఉంది. ఎక్కడో పొరపాటు జరిగింది గానీ, పనితనం ఉంది."

అంతే. ఆ మాట కాసులమ్మ గుండెల్లో గుచ్చుకుంది. తన గుంట, తన పీచు, తను మోసిన కడవలు. చచ్చిన మొక్కల పాపం కావాలంటే లీదియాకి పోనీ, పనితనం ఎలా పోతుంది?

మొగుడి చెయ్యి విదిలించుకుని ముందుకొచ్చింది. "పనితనం దానిదేటి? ఆ ఎరువు నాది! నా పెరట్లో, నా సేతుల్తో సేసినాను. అడగండి, మా ఆయన్ని అడగండి!"

నూకన్న తల దించుకున్నాడు. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"నీదా?" అన్నాడు రాజబాబు. "ఏం నీళ్ళు పోశావమ్మా?"

"సముద్రం!" అంది కాసులమ్మ రొమ్ము విరుచుకుని. "ఒక్క సుక్క మంచినీల్లు ఒలకబొయ్యలేదు, దీనిలాగ!"

బెంగాలీ వాళ్ళింటి కుర్రాడు పకపకా నవ్వి, "దీదీ, మఛ్లీకి పెట్టినట్టు మల్లెతీగకి కూడా ఉప్పు పెట్టేశావా?" అన్నాడు. నవ్వు సందంతా పాకింది. టీచరు మాత్రం నవ్వలేదు. మాడిపోయిన తీగని చేత్తో నిమురుతూ, "ఎంత పని చేశావు కాసులమ్మా" అంది. మొక్కల్ని చంపింది తన ఉప్పేనని అప్పుడు అర్థమైంది కాసులమ్మకి. సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది.

తర్వాత ఆవిడ గడప దాటలేదు. చేపలమ్మడానికి కూడా నూకన్నే వెళ్ళాడు. లీదియా పని నిలబడింది, గుంటా నిలబడింది. కానీ ఆమె ఎరువు తయారయ్యేసరికి, ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాళ్ళు లేరు. ఎరువు పేరెత్తితేనే తలుపులు మూసుకుంటున్నాయి. ఎవరూ తీసుకోకపోతే గుంట ఎందుకన్నాడు రాజబాబు.

ఒక పొద్దున్న లీదియా బండి కాసులమ్మ వాకిట్లో ఆగింది.

"అత్తా, నువ్వొచ్చి చెప్పాలి. నా మాట ఎవరూ నమ్మడం లేదు."

"మొక్కల్ని సంపినదాని మాట నమ్ముతారేటే?"

"చంపినదానివి కాబట్టే నమ్ముతారు. ఇందులో ఉప్పు లేదని నువ్వంటే ఇంక ఎవరికీ అనుమానముండదు. నేను విజిలు ఊదితే చెత్త మాత్రమే ఇస్తున్నారు అత్తా. కూర్చోబెట్టి మాట్లాడేది నీతోనే."

చివరిమాట కాసులమ్మకి తేనెలా దిగింది. ఇంకోసారి చెప్పించుకోవాలనిపించింది గానీ, బాగుండదని ఊరుకుంది. కొంగు బిగించి బండి ముందు నడిచింది.

"దీదీ ఆయీ హూఁ! తలుపు తియ్యండి!" ప్రతి గుమ్మం దగ్గరా బండిలోంచి చిటికెడు ఎరువు తీసి అందరి ముందూ నాలుకమీద వేసుకుంది. చప్పరించి ఉమ్మేసింది. "ఉప్పు నేదు. ఉప్పంటే ఏటో నాకు తెలవకపోతే ఇంకెవులికి తెలుస్తాది? ఏసుకోండి." జనం నవ్వుకుంటూనే తట్టలు పట్టారు.

సారా టీచరు చాలాసేపు ఆలోచించి, కొత్త మల్లె అంటు పెట్టిన కుండీ తీసుకొచ్చి ముందు పెట్టింది. కాసులమ్మే తన చేత్తో ఎరువు వేసింది. టీచరు లోపలికెళ్ళి రెండు గ్లాసుల టీ తెచ్చింది. అలవాటుగా చొట్టగ్లాసు లీదియా వైపు చాపింది. లీదియా అందుకుని కాసులమ్మ చేతిలో పెట్టింది.

కాసులమ్మ మెట్టుమీద తన చోట కూర్చుంది. గ్లాసు వెచ్చగా ఉంది. కళ్ళు చెమ్మగిల్లాయి. ఒక గుక్క తాగి, తల కొంచెం పక్కకి వంచి లీదియా గ్లాసులోకి తొంగిచూసింది.

"టీచరమ్మా," అంది, "దానికెక్కువ పోసినావేటి?"