హార్వీ గారింట్లో పొట్టి పీట

మీరు చాలా చావులకు వెళ్ళి ఉంటారు. పోయినాయనకు పొరపాటున కొడుకైపోయిన వాణ్ణి మాత్రం చూసి ఉండరు. నమస్కారం, నేనే.

అప్పుడు నాకు ముప్ఫై ఏళ్ళు. అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో, లైబ్రరీ కింది గదిలో పెద్దవాళ్ళకు యూదుల గ్రంథాలు చెప్పే బడి ఒకటి నడిచేది. ఏ శాఖ, ఏ మతం అని అడిగేవారు కాదు. పైగా కాఫీ ఫ్రీ. ఇద్దరిద్దరిని ఒక పుస్తకం ముందు కూర్చోబెట్టి పోట్లాడుకోమనేవారు. నా జత హార్వీ గారు, ఎనభై ఏళ్ళాయన. నేను తలూపితే చాలు, టేబుల్ బద్దలయ్యేలా కొట్టేవారు.

"తలూపడానికి నా ఇంట్లో గోడగడియారం ఉంది! నువ్వు కాదను! కాదనడానికి నాకో కొడుకుండేవాడు. మూడేళ్ళుగా మాటల్లేవు."

ఒకరోజు, "వచ్చేవారం చావు గురించి పాఠం. ఎగ్గొట్టకు," అన్నారు. ఎగ్గొట్టాను. ఆ రోజు మన తెలుగువాళ్ళు తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో గుత్తివంకాయ ఉంది మరి. నెల తిరక్కుండా హార్వీ గారే పోయారు.

"చావింట్లో వెళ్ళొస్తానని చెప్పకండి. చప్పుడు చేయకుండా వచ్చేయండి. వింటున్నారా?" అని మా ఆవిడ పంపించింది.

గుమ్మంలో షూస్ విప్పాను. లోపల అద్దాలన్నిటికీ దుప్పట్లు కప్పి ఉన్నాయి. పెద్దవాళ్ళు కుర్చీల్లో ఉన్నారు. మర్యాదస్తుణ్ణి కదా, హార్వీ గారి కూతురు రూత్ పక్కన ఖాళీగా ఉన్న పొట్టి పీట మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను. యూదుల్లో షూస్ విప్పి పొట్టి పీట మీద వారం రోజులు కూర్చునేది పోయినవారి బిడ్డల్లాంటి సొంతవాళ్ళేనట. ఎగ్గొట్టిన పాఠంలో మొదటి ముక్క అదేనట!

ఒక ముసలావిడ నా భుజం పట్టుకుంది. "వచ్చావా చివరికి! దేవుడు నీకు ఓదార్పునివ్వాలి."

"వచ్చానండీ," అన్నాను. ఎదురుగా కూర్చుని రాలేదని ఎలా అనను?

ఆవిడ వెనక తిరుపతంత క్యూ. నా రంగు, నా మీసం చూసి కూడా ఎవరికీ అనుమానం రాలేదు, దత్తత అనుకున్నారట. ఒకాయన నా నోట్లో ఉడికించిన గుడ్డు కుక్కి, "మూడేళ్ళు! మీ నాన్న ఎంత ఎదురుచూశాడో తెలుసా?" అన్నాడు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. సగం గుడ్డు వల్ల, సగం ఆ టేబుల్ చప్పుడు గుర్తొచ్చి.

లేవబోతే రూత్ చెయ్యి పట్టుకుంది. "కదలకు. మూడు రోజులుగా ఆ పీట ఖాళీగా ఉంది. చూడలేకపోతున్నాను."

అప్పుడే ఒకాయన గుమ్మంలో షూస్ విప్పి లోపలికొచ్చాడు. ముసలావిడ అతణ్ణి నా ముందుకు తోసింది. "కొడుక్కి ఓ మాట చెప్పు, బాబూ."

"కొడుకుని నేను," అన్నాడతను.

నేను స్ప్రింగులా లేచాను. అతను పీట వంక కూడా చూడలేదు. "పది నిమిషాలే ఉంటాను రూత్. ఐదింటికి ఫ్లైట్."

ఆమె మొహం చూడలేకపోయాను. మా ఆవిడ చెప్పినట్టే ఎవరికీ చెప్పకుండా, కాళ్ళకు తగిలిన షూస్ తొడుక్కుని మంచులో పడి పారిపోయాను. పడవల్లో నడుస్తున్నట్టుందేమిటా అనుకున్నాను. ఇంటికెళ్ళి చూస్తే పదకొండో సైజు. నాది ఏడు.

మర్నాడు పొద్దున్నే దొంగలా వెళ్ళి తలుపు తట్టాను. రూత్ వెనక, పొట్టి పీట మీద, మేజోళ్ళతో ఆ కొడుకు.

"నీ షూస్‌లో వాడి వేళ్ళు కూడా పట్టలేదు. నాన్న షూస్ అడిగాడు, పోయినవాళ్ళవి తొడగకూడదన్నాను. ఫ్లైట్ పోయింది. అప్పట్నుంచీ నాన్న గురించి పోట్లాడుకుంటూనే ఉన్నాం."

"సారీ అండీ. ఇవిగో ఈయన షూస్."

ఆమె తలుపు సగం మూసింది. "వారం నిండడానికి ఇంకా మూడు రోజులుంది. అప్పుడు తీసుకురా."

కాబట్టి పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: గుత్తివంకాయ పెట్టినా సరే ఇక చావు పాఠం ఎగ్గొట్టను, ఏ కొడుకు షూసూ ఎత్తుకురాను. ఈ మాటకి టేబుల్ కొట్టి కాదనేవారు ఒక్కరే ఉండేవారు.