అడుగున కోసేసిన జానెడు

జూబ్లీహిల్స్‌లో ఒక సినిమా కుటుంబం ఇంటి ముందుగదిలో మొదలైన ఆర్ట్ మ్యూజియం ఇప్పుడు మూడంతస్తులైంది. విజయవాడ నుంచి పనిమీద వచ్చిన నేను ఒక మధ్యాహ్నం చూద్దామని వెళ్లాను. మెట్ల పొడవునా ఒక్కో అంతస్తు ప్రారంభోత్సవం ఫొటోలు, రిబ్బన్ కత్తిరించిన ప్రతివాళ్ల పేర్లూ ఉన్నాయి. పై అంతస్తులో గోడ నిండా, చేత్తో గీసిన పాత సినిమా బ్యానర్ ఒకటి ఉంది. పక్కన చీటీ మీద ‘చిత్రకారుడు: తెలియదు’ అని రాసి ఉంది.

“నేనే సార్ గీసింది,” అన్నాడు అక్కడ కాపలా ఉన్న ముసలి సెక్యూరిటీ గార్డు. “మేం పేరు అడుగు అంచున రాసేటోళ్లం. గోడ ఎత్తు చాలలేదని, ఫ్రేము కట్టేటప్పుడు కింద జానెడు కోసేసిండ్రు.”

“మీరు చెప్పలేదా?”

“చెప్పిన. నువ్వే గీసినవని ఆధారం ఏందన్నరు.”

నాకు ఒళ్లు మండింది. ఆ బొమ్మ పక్కన ఆయన్ని నిలబెట్టి ఫొటో తీద్దామని ఫోన్ బయటికి తీశాను.

“వద్దు సార్. స్టాఫ్ బొమ్మల దగ్గర నిలబడొద్దని రూలు, నౌకరీ పోతది.”

ఆ మాట అని, నేల మీది పసుపు గీత దాటిన నన్ను కూడా వెనక్కి జరగమన్నాడు.