అమ్మ చేతులకి కాలని నూనె

నా మెడ మీది గడ్డని మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, కాశీబుగ్గలో నాకు షేవింగ్ చేసే మంగలి. కత్తి ఆపి, ఎడమ చెవి కింద వేలితో నొక్కి చూశాడు.

"ఏటి బావా, ఇక్కడ జీడిపిక్క దాసుకున్నావేటి?"

"పలాస నేల కదా, ఎక్కడ పడితే అక్కడ కాత్తాది" అన్నాను.

ఇద్దరం నవ్వాం. కానీ రెండో చెంప గీసినంతసేపూ అతను నోరు విప్పలేదు. అన్నేళ్ళలో ఆ మనిషి మౌనంగా పని చేయడం నేను చూడలేదు. నాకు భయం అక్కడ మొదలైంది.

అవి రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. డిగ్రీ చదివి, ఉద్యోగం వచ్చేదాకా అనుకుని ఒక ఎస్టీడీ బూత్‌లో కూర్చున్నాను. ఉద్యోగానికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో నేనూ అమ్మా. అమ్మ జీడిపిక్కలు కొట్టేది. కాల్చిన పిక్కని కర్రతో ఒక్క దెబ్బ కొడితే తొక్క పగిలి, లోపలి పప్పు విరక్కుండా రావాలి. ఆ తొక్కలో నల్లటి నూనె ఉంటుంది. కొత్తవాళ్ళ చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. అమ్మ వేళ్ళు మాత్రం ఆ నూనెలో నాని నాని నల్లబడి, చెప్పుల తోలులా గట్టిపడిపోయాయి. పొయ్యి మీది గిన్నెని గుడ్డ లేకుండా దించేసేది.

టెక్కలి డాక్టరు గడ్డని అటూ ఇటూ కదిపి చూశాడు.

"నొప్పి ఉందా?"

"లేదండీ" అన్నాను గర్వంగా.

ఆయన ముఖం చూస్తే నొప్పి ఉంటేనే బాగుండేదనిపించింది. "టీబీ కావచ్చు, ఇంకోటి కావచ్చు. సూదితో కొంచెం తీసి విశాఖపట్నం పంపి చూడాలి. వచ్చే వారం రండి" అన్నాడు.

నాతో వచ్చిన అమ్మ తిరుగు బస్సులో కిటికీలోంచి వరి చేలు చూస్తూ అడిగింది.

"ఇంకోటంటే ఏటిరా?"

"టీబీ కానిదమ్మా."

"అదే, ఏటది?"

"డాక్టరు సెప్పనేదు కదా. నానేటి, ఆయనకన్నా ఎక్కువ సదివీసినానా?"

ఇద్దరికీ తెలుసు ఏటది. ఆ పేరు మాత్రం బస్సు దిగేదాకా మా ఇద్దరి మధ్య సీటులో మూడో మనిషిలా కూర్చుంది. టిక్కెట్టు కూడా తీసుకోలేదు.

మా ఉద్దానం వైపు జబ్బంటే కిడ్నీయే. నన్ను చూడ్డానికి వచ్చిన చుట్టాలు అలవాటు కొద్దీ ముందు నా కాళ్ళు వాచాయేమోనని చూసేవారు. మెడ చూపిస్తే ఏమనాలో వాళ్ళకి తోచేది కాదు. "అయితే కిడ్నీలు బాగున్నట్టే కదా?" అని నన్ను ఓదార్చి, టీ తాగి వెళ్ళిపోయేవారు.

సరిగ్గా మాట్లాడినవాడు మావయ్య ఒక్కడే. అమ్మకి సొంత తమ్ముడు. కొబ్బరితోటల మధ్య ఊరు. కిడ్నీలు పాడై, రక్తం కడిగించుకోవడానికి పలాసలో రైలెక్కి విశాఖపట్నం పోయి వస్తుండేవాడు.

"ఏటల్లుడా, రైలుకి తోడొత్తావేటి?"

"కిటికీ సీటిత్తే వత్తాను మావా."

"కిడ్నీవోళ్ళకే కిటికీ. మెడోళ్ళు నిలబడాల" అన్నాడు.

పరీక్షకి వెళ్ళాల్సిన రోజు పొద్దున్న నేనింకా మంచం దిగలేదు. మెడకి ఏదో జిగటగా తగిలింది. చూస్తే అమ్మ, చేతిలో చిన్న గిన్నె.

"ఏటమ్మా అది?"

"పిక్కనూనె. కదలకు. పులిపిరికాయలు దీనికే రాలిపోతాయి కదా. గడ్డ మాత్రం పోదేటి?"

"కాలిపోద్దే!"

"కాలదురా. తెలివితక్కువదాన్నేటి? నిన్న ముందర నా సేతి మీద ఏసుకుని సూసినాను. ఏటీ అవనేదు."

టెక్కలి చేరేసరికి నా మెడ మీద పెద్ద బొబ్బ లేచింది.

"ఎవరు కాల్చారిది?" అన్నాడు డాక్టరు.

అమ్మ గోడ మీది కేలండరు చూస్తోంది. "నేనేనండీ. ఏదో రాసుకున్నాను" అన్నాను. ఆయన నన్ను చూసి, తర్వాత ఒళ్ళో ముడుచుకున్న అమ్మ చేతుల వైపు చూశాడు. కోప్పడలేదు. "పుండు మీద సూది గుచ్చను. పూర్తిగా మానాక రండి" అన్నాడు.

అంటే నిరీక్షణ మళ్ళీ మొదటికొచ్చింది.

బస్సులో అమ్మ తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. "నా సేతికి ఏటీ అవనేదురా" అంది, ఎవరికో సాక్ష్యం చెబుతున్నట్టు.

"నీ సేతి మీద నిప్పెట్టినా ఏటీ అవదమ్మా. నిప్పే ఆరిపోద్ది" అన్నాను.

అమ్మ నవ్వలేదు. ఆ తర్వాత నా మెడ దగ్గరికి రావడమే మానేసింది. అన్నం కూడా దూరంనించే వడ్డించేది.

పుండు తన తీరికలో తను మానుతోంది. దాని కింద గడ్డ ఏం చేస్తోందో తెలియదు. బూత్‌లో కూర్చుంటే అద్దం తలుపు అవతలనించి అందరి ఫోన్లూ వినబడేవి. ప్రతివాడూ మొదట "అందరూ బాగున్నారా?" అనే అడుగుతాడు. అంతకుముందు ఆ ప్రశ్న మీద చాలా వెటకారాలు చేసేవాణ్ణి. ఇప్పుడు వాటికి నోరు రావడం లేదు. ఇంటికెళ్ళి తినేసి గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.

ఒకనాడు కంచం ముందు పెట్టి, అమ్మ అక్కడే కూర్చుండిపోయింది.

"ఏటిరా, నోరిప్పట్నేదు?"

"ఏటి మాటాడమంతావు?"

"ఏదో ఒకటి కూయి. నువ్వు నోరు మూసుకుంటే నాకు ఆ గడ్డకన్నా అదే బయమేత్తంది."

కంచంలో అన్నం కెలికాను. చివరికి, "ఈసారి నూనె రాసీటప్పుడు కొంచెం ఉప్పూ కారం కూడా ఎయ్యమ్మా. ఏపుడైనా అవుద్ది" అన్నాను.

అమ్మ నవ్వింది. నవ్వు సగంలో ఏడుపైపోయింది. నా జోకుల్లో అంత ఫలితం చూపించినది అంతకుముందు లేదు.

పుండు మానింది. సూది గుచ్చారు. తీసినదాన్ని గాజు పలకల మీద పూసి ఇస్తే, మావయ్య తన ప్రయాణంలో భద్రంగా పట్టుకెళ్ళాడు. ఫలితం చెప్పే రోజు కూడా ఆయన అక్కడే ఉన్నాడు. బూత్‌కి ఫోన్ చేశాడు.

"అల్లుడా, నానురా. తిన్నావా?"

"మావా, ఏటన్నారు?"

"తిన్నావేటని అడుగుతున్నాను."

"తిన్నాను. సెప్పు!"

"టీబీ అంట్రా! ఒట్టి టీబీ!"

నాకు ఉద్యోగం వచ్చినట్టు అరిచాడు. ఆ అరుపు బయటికి కూడా వినబడి, వంతు కోసం నిలబడ్డ పెద్దమనిషి రెండడుగులు వెనక్కి జరిగాడు.

"మాత్రలు మింగితే పోద్దంట. మొత్తంగా పోద్దంటరా..."

అక్కడ ఆగాడు. వెనక విశాఖపట్నం రోడ్డు మీది హారన్లు వినబడుతున్నాయి. మాత్రలకి పోని జబ్బు ఆయనది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. మళ్ళీ ఆయనే అందుకున్నాడు.

"అయితే నాకింక రైలుకి తోడు నేదన్నమాటే."

"జబ్బు నేకపోతే రైలెక్కనివ్వరేటి? వత్తాను మావా" అన్నాను.

వెళ్ళాను కూడా. ఆయన వెళ్ళినన్నాళ్ళూ, బూత్‌కి సెలవు దొరికినప్పుడల్లా. కిటికీ సీటు మాత్రం ఇవ్వలేదు.

మాత్రలు మొదలయ్యాక గడ్డ తగ్గుతోందో లేదో అమ్మకి చూడాలని ఉండేది. కానీ ఆ వేళ్ళకి అంత చిన్నది తెలిసేది కాదు. అందుకని పొద్దున్నే నేను బూత్‌కి బయల్దేరేముందు నన్ను కూర్చోబెట్టి, వెనకనించి వంగి, నా మెడకి తన చెంప ఆనించి చూసేది.

గడ్డ పోయిందని నాకు ముందే తెలిసింది. చెప్పలేదు.

"ఉందేటమ్మా?"

"తెలవట్నేదు. కదలకు."

"బూత్ తియ్యాలే."

"ఉండరా" అంది.