గిద్దలూరు దాటాక సినిమా ఊరు: బడిలో నా చెయ్యి ఆగిన మధ్యాహ్నం

ఈ ప్రయాణానికి కారణం నేను రాసిన ఒక పాత టపా. మూడు నెలల క్రితం మార్కాపురంలో మా హాస్టల్ అమ్మాయిలమంతా కలిసి ఒక కుటుంబ కథా చిత్రానికి వెళ్లాం. ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరికీ ఒకటే బోరు, గట్టు తగాదా, చివరకు తమ్ముడి అన్నంలో పురుగుల మందు. నిజంగా జరిగిన నేరం ఆధారంగా తీశామని మొదట్లోనే వేశారు కానీ ఊరి పేరు చెప్పలేదు. అందులో వదిన నవ్వుతూ పప్పులో గరిటె తిప్పుతుంది, అదే నవ్వుతో మరిది కంచంలో వడ్డిస్తుంది. ఆ దృశ్యం నన్ను వదల్లేదు. అప్పుడప్పుడే మాటలతో ప్రేమలో పడుతున్న రోజులు. "అమ్మ చేతి తర్వాత ఏమీ అడక్కుండా నమ్మేది వదిన చేతినే, విషం ఆ చేతిలోనే దాక్కుంది" అని రాసి, పదిసార్లు పైకి చదువుకున్నాను. అంతటితో ఆగకుండా గ్రంథాలయంలో పాత పేపర్ల కట్టలు విప్పి, ఆ కేసు వార్త వెతికి పట్టుకుని, ఊరి పేరు కూడా టపాలో పెట్టాను. అంతకుముందు నేను రాసినదేదీ అంతమంది చదవలేదు. "అక్కడికి ఎలా వెళ్లాలి?" అని చాలామంది అడిగారు. దారి చూసి వచ్చి రాద్దామని బయలుదేరాను.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. ఆ వార్త చివర రెండు లైన్లు ఉన్నాయి. నిందితుడి భార్యే పోలీసుల దగ్గరకు వెళ్లి విషయం చెప్పిందని, కోర్టులో భర్తకు వ్యతిరేకంగా సాక్ష్యం ఇచ్చిందని. అంటే సినిమాలో విషం కలిపిన వదిన నిజానికి నేరాన్ని బయటపెట్టిన మనిషి. ఆ రెండు లైన్లు నేను చదివాను. నా వాక్యంలో అవి ఇమడలేదు. వదిలేశాను.

శనివారం పొద్దున ఏడింటికి మార్కాపురం బస్టాండులో గిద్దలూరు బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. మగవాళ్లకు వంద రూపాయల లోపే అవుతుంది. తర్లుపాడు మీదుగా కంభం చేరేసరికి ఎనిమిది దాటింది. అక్కడ బస్సు పది నిమిషాలు ఆగుతుంది, స్టాండు బయట వేడి దోసె తినడానికి ఆ సమయం సరిపోతుంది. కంభం దాటాక ఎడమవైపు కిటికీ, కుడివైపు కిటికీ అని ఎంచుకోనక్కర్లేదు, రెండు వైపులా మిరప చేలు, కంది చేలు, దూరంగా కొండలు కనిపిస్తూనే ఉంటాయి. తొమ్మిదిన్నరకు గిద్దలూరులో దిగాను. ఆటో స్టాండు దగ్గర నిలబడ్డానో లేదో, గడ్డం నెరిసిన డ్రైవరు కాశీం అన్న పలకరించాడు.

"యాడికి పాపా? సినిమా ఊరికేనా?"

"మీకెట్లా తెలిసింది?"

"బస్సు దిగినావు, సెల్లు చేతిలో పట్టుకున్నావు, చుట్టాల పేరు చెప్పకుండా దిక్కులు చూస్తున్నావు. ఇంకేముంది? ఎవరో పిల్ల ఊరి పేరు సెల్లులో పెట్టిందంట. ఆ తల్లి చల్లగుండాల, నాకు గిరాకీ తెచ్చింది."

"ఆ పిల్లను నేనే అన్నా."

ఆయన ఆటో హ్యాండిలు వదిలేసి నా వైపు పూర్తిగా తిరిగాడు. "నువ్వేనా! అట్లయితే నీకు మూడొందలే. పోను రాను, ఆడ ఎంతసేపైనా ఉంటా."

అప్పుడు నాకెంత సంతోషం వేసిందో దాచను. ఆటోలో దారంతా, నన్ను గుర్తుపట్టిన మొదటి పాఠకుడు ఈయనే అనుకున్నాను. ఆయన నా టపా చదవనేలేదన్న సంగతి కూడా ఆలోచించలేదు.

ముప్పావు గంటలో ఊరు వచ్చింది. పేపర్లో చూసిన ఇల్లు చర్చికి రెండిళ్ల అవతల ఉంది. తాళం వేసి ఉంది. గోడ మీద ఎవరో బొగ్గుతో "ఫోటోలు తియ్యొద్దు" అని రాశారు. ఆ రాతతో సహా ఫోటో తీశాను. ఎదురింటి అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న తాత తలెత్తాడు.

"తాళాన్ని ఫోటో తీసి ఏం చేసుకుంటావమ్మా? మీ ఇంట్లో తాళాల్లేవా?"

పక్కనున్న ముసలమ్మ పకపకా నవ్వింది. నేనూ నవ్వేసి ఊరంతా తిరిగాను. పన్నెండు దాటాక ఆకలి మొదలైంది. ఊళ్లో హోటల్ లేదు. బడిలో టీచరమ్మను అడిగితే ఏదైనా దారి చూపిస్తుందని కాశీం అన్న చెప్పాడు.

రెండు గదుల బడి అది. టీచరమ్మ నా పేరు, చదువు అడిగింది. మార్కాపురంలో డిగ్రీ చదువుతున్నానని, ఊరు చూడ్డానికి వచ్చానని చెప్పాను. టపా సంగతి చెప్పలేదు. భోజనం మాట ఎత్తగానే ఆమె మొహం వెలిగింది.

"మంచి టైముకి వచ్చినావు. నాకో సాయం చెయ్యి తల్లీ."

అక్కడ ఒక పద్ధతి ఉంది. మధ్యాహ్న భోజనం పిల్లలకు వడ్డించేముందు రోజుకో తల్లి వంతున వచ్చి, వాళ్ల ఎదుటే కూర్చుని ఒక పళ్లెం తినాలి. తిని, రుచి ఎలా ఉందో పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. రెండు నెలలుగా ఏ తల్లీ రావడం లేదు. నలభై మంది పిల్లల్లో ముప్పై మంది ఇంటి నుంచి టిఫిన్ డబ్బాలు తెచ్చుకుంటున్నారు. టీచర్లు రోజూ తింటున్నా, వాళ్లు టీచర్లు కాబట్టి తింటారని పిల్లలు కొట్టిపారేస్తున్నారట. ఇవాళ కూడా ఇలాగే ఉంటే సోమవారం నుంచి వంటమనిషిని మారుస్తామని పైనుంచి చెప్పారు.

"సినిమా వచ్చినప్పటినుంచి ఇదే గొడవ," అంది టీచరమ్మ. "ఆమె తొమ్మిదేళ్లనుంచి వండుతుంది. ఆ జీతమే ఆధారం. నువ్వు బయటి పిల్లవు, ఎవరి మనిషివీ కావు. నువ్వు తింటే వీళ్లు నమ్ముతారు."

ఊరంతా ఆ సినిమాకు భయపడి బయటి తిండి మానేసిందేమో అనుకున్నాను. ఇంకో ప్రశ్న అడిగి ఉండాల్సింది. ఆకలిగా ఉంది, పైగా నన్నొక పెద్దమనిషిని చేసి కూర్చోబెడుతున్నారు. వరండాలో పిల్లల వరుస మధ్యలో కూర్చున్నాను.

వంటామెకు యాభై ఏళ్లుంటాయి. బక్కపలచని మనిషి, తలకు తువ్వాలు చుట్టుకుంది. పిల్లలు పెద్దమ్మా అంటున్నారు, నేనూ అలాగే పిలిచాను. ఆమె అన్నం బేసిను నా ముందు దించింది.

"మార్కాపురం పిల్లవంటనే? పలకలు కోసే ఊరోళ్లు గట్టిగా తింటారు, సిగ్గుపడొద్దు. కారమైతే నాకు సైగ చెయ్యి, మొహం మాత్రం ముడవొద్దు. వీళ్లంతా నిన్నే చూస్తున్నారు."

అన్నం, గోంగూర పప్పు, ఉడికించిన గుడ్డు. మూత తియ్యని డబ్బాలు ఒళ్లో పెట్టుకుని పిల్లలు నా నోటి వంక చూస్తున్నారు. మొదటి ముద్ద తిన్నాను. నిజంగా బాగుంది. రెండో ముద్ద. మూడోదానికి ఎదురు వరుసలో ఒక పిల్లవాడు డబ్బా పక్కన పెట్టి, ఖాళీ పళ్లెం తీసుకుని లేచాడు.

"పెద్దమ్మా, నాగ్గూడా గుడ్డు."

"వస్తున్నా నాయనా, వస్తున్నా," అని ఆమె గరిటె తీసుకుంది. తలుపు దగ్గర టీచరమ్మ ఊపిరి బిగబట్టి నిలబడింది. వాడి వెనక ఇంకో ఇద్దరు లేచారు.

అప్పుడు నా పక్కనున్న ఎనిమిదేళ్ల పాప నా చెవి దగ్గరకు వంగింది. "అక్కా, సినిమాలో మందు కలిపింది ఈ పెద్దమ్మనే. నీకు తెలీదా?"

నాలుగో ముద్ద కంచానికీ నోటికీ మధ్య ఆగిపోయింది.

రెండు ఊపిరుల సేపు, అంతే. నాకు నిజం తెలుసు. ఆ రెండు లైన్లు నా కళ్లతో చదివాను. అయినా ఆ క్షణంలో నాకు కనిపించింది సినిమాలో గరిటె తిప్పిన చెయ్యి, నేను పదిసార్లు పైకి చదువుకున్న నా వాక్యం. వేళ్లు వదులై ముద్ద కంచంలో పడింది.

పళ్లెం పట్టుకున్న పిల్లవాడు నన్ను చూశాడు. వెనక్కి వెళ్లి కూర్చుని తన డబ్బా మూత తీశాడు. వెనకనున్న ఇద్దరూ కూర్చున్నారు. తర్వాత వరుస పొడుగునా మూతలు తీస్తున్న చప్పుడు.

గబగబా తిన్నాను. మారు అడిగాను. పళ్లెం ఖాళీ చేసి పిల్లలకు ఎత్తి చూపించాను కూడా. ఎవరూ చూడటం లేదు.

"ఇప్పుడు కడుపు పగిలేట్టు తిన్నా ఏం కాదులేమ్మా," అంది పెద్దమ్మ, మూడోసారి వడ్డించబోయి గరిటె బేసిన్లో పెడుతూ. "నీ చెయ్యి ఆగింది వాళ్లు చూసినారు."

తర్వాత వంట షెడ్డులోకి వెళ్లాను. ఆమె గిన్నెలు తోముతోంది. ఊరి పేరు బయటపెట్టింది నేనేనని చెప్పాను. ఆమె చెయ్యి ఆగలేదు, తోముతూనే ఉంది.

"మీరు సాక్ష్యం చెప్పిన సంగతి పేపర్లో చదివాను పెద్దమ్మా. అది రాయలేదు."

"ఎందుకు రాయలే?"

ఇమడలేదని ఆ మొహం చూస్తూ ఎలా అనను? "మర్చిపోయాను," అన్నాను. అది ఇంకో అబద్ధం.

"మొగుని మీద బోనెక్కి చెప్పినా. మా అత్త చచ్చేదాకా నాతో మాట్లాడలే. అప్పుడు గూడా ఈ ఊరు నా చేతి కూడు తిన్నది పాపా. ఊరికి నిజం తెలుసు గదా! బొమ్మ చూసినాక తెలిసిందంతా యాడికి పోయిందో." గిన్నె బోర్లించి లేచింది. "పో, పుస్తకంలో సంతకం పెట్టు. లేకుంటే టీచరమ్మకు మాట వస్తది."

పుస్తకంలో రుచికి ఒక్క గీత చోటుంది. "బాగుంది. నేను ఆగడం నా తప్పు, వంటది కాదు" అని చిన్న అక్షరాలతో ఇరికించి రాశాను. టీచరమ్మ చదివి, "పిల్లలు ఈ పుస్తకం చదవరమ్మా," అంది. కోపంగా కాదు, అలసటగా.

వెళ్లేముందు పెద్దమ్మను అడిగాను, ఇవాళ జరిగింది రాయనా అని. "రాసుకో. నిన్ను గూడా రాసుకో. ఊరి పేరు మాత్రం ఎయ్యొద్దు," అంది. రెండింటికి బయలుదేరాం. "ఫోటోలు బాగొచ్చినయ్యా?" అని కాశీం అన్న అడిగాడు. మూడింటికి మార్కాపురం బస్సు దొరికింది.

సోమవారం సాయంత్రం టీచరమ్మకు ఫోన్ చేశాను. పక్క ఊరి నుంచి కొత్త వంటామె వచ్చిందట. పెద్దమ్మ మిరపకాయల కోతకు పోతోందట. "ఇవాళ పిల్లలందరూ తిన్నారు," అంది టీచరమ్మ. ఆ మాట మంచి వార్తలాగే చెప్పింది. పిల్లలు వేడి అన్నం తినడం మంచి వార్తే కదా. నేను మాత్రం ఫోన్ పెట్టేసి హాస్టల్ మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. సినిమా వాళ్లు వదిన పాత్రను మార్చారు, కానీ ఆ వదిన ఏ ఊళ్లో ఉంటుందో చెప్పలేదు. చెప్పింది నేను. నిజం చదివి, వాక్యం అందం కోసం పక్కన పెట్టింది నేను. చివరకు నా వాక్యాన్ని నేనే నమ్మి చెయ్యి ఆపాను. ఆ చెయ్యి కదిలి ఉంటే ముగ్గురు తినేవారు. ముగ్గురు తింటే ఆమె ఉద్యోగం నిలిచేదో లేదో తెలియదు. నిలిచే అవకాశమైతే ఆ రెండు ఊపిరుల ముందువరకు ఉంది. పాత టపా తీసేశాను. దాని స్క్రీన్‌షాట్లు ఇంకా ఫోన్లలో తిరుగుతున్నాయని తెలుసు.

దారి అడిగినవాళ్లకు ఒక్కటే సలహా. గిద్దలూరు వరకు పైన రాసిన సమయాలు, బస్సులు పనికొస్తాయి. స్టాండులో ఎవరైనా "సినిమా ఊరికేనా?" అంటే కాదని చెప్పి, వెనక్కి కంభం బస్సెక్కి చెరువు చూసి రండి, నాలుగు దాటాక వెళ్తే కట్ట మీద ఎండ తగ్గుతుంది. నా పాత టపా చదివి ఆ ఊరి పేరు గుర్తున్నవాళ్లు దాన్ని కింద కామెంట్లలో రాయకండి. రాస్తే తీసేస్తాను.